భుజాలు విశాలం, తుంటి సన్నం: మీ ఒంటికి నప్పే బట్టలు ఎంచుకోవడం ఎలా?

కొత్త టాప్ వేసుకుని అద్దం ముందు నిలబడితే బాగానే ఉంటుంది. జుట్టు సర్దుకుందామని చేయి పైకెత్తగానే చంక దగ్గర పట్టేస్తుంది, వీపు మీద గుడ్డ అడ్డంగా బిగుసుకుంటుంది. సరే అని ఒక సైజు పెద్దది తీసుకుంటారు. భుజాలకు హాయిగా ఉంటుంది గానీ ఛాతీ దిగిన దగ్గర్నుంచి అంతా సంచిలా వేలాడుతుంది. ఇక ఆ టాప్‌కు జోడీగా వచ్చిన ప్యాంటు తుంటి మీద నిలవనే నిలవదు. ఇది మీ అనుభవమే అయితే, కింద రాసినదంతా మీకోసమే.

నాదీ ఇదే ఒడ్డూ పొడుగూ. చిన్న వయసులోనే 'మగరాయుడి భుజాలు' అన్న మాట పడ్డాను. ఆ మాట మనసులో పెట్టుకుని చాలా ఏళ్లు భుజాలు ముందుకు ముడుచుకుని నడిచాను, వదులు చొక్కాల్లో దాక్కున్నాను. రెండూ తప్పే. భుజాలు ముడిస్తే వీపు గుండ్రంగా లేచి పైభాగం ఇంకా బరువుగా కనిపిస్తుంది. వదులు చొక్కా భుజాల కొసల నుంచి తిన్నగా కిందికి జారి, ఒళ్లంతా ఆ వెడల్పే ఉన్నట్టు చూపిస్తుంది. ఉన్న నడుము కూడా లేకుండా పోతుంది.

చివరికి నాకు అర్థమైన సంగతి ఇది. భుజం వెడల్పు చాలావరకు ఎముకది, దాన్ని బట్టతో తగ్గించలేం. తక్కెడలో బరువెక్కిన పళ్లెంలోంచి తీయడం కుదరనప్పుడు రెండో పళ్లెంలో వేస్తాం కదా, ఇక్కడా అంతే. పైన హడావుడి లేకుండా చూసుకుని, కింద కాస్త నిండుదనం ఇస్తే చాలు. 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో ఫ్రెంచ్ ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ తన మొదటి కలెక్షన్ చూపించినప్పుడు చేసింది సరిగ్గా ఇదే. యుద్ధకాలపు బిరుసైన భుజం ప్యాడ్లు తీసేసి భుజాన్ని మెత్తగా దించాడు, నడుము బిగించాడు, కోటు అంచు లోపల తుంటి దగ్గర మెత్తలు పెట్టి దాన్ని విప్పారేలా చేశాడు, దాని కింద బోలెడంత గుడ్డతో కుచ్చుల స్కర్టు వేశాడు. మనకు అంత గుడ్డ అవసరం లేదు, ఆ సూత్రం చాలు.

మొదటి పని: మీ ఆకారం నిజంగా ఏమిటో చూసుకోండి

టేపు తీసేముందు ఒక ఫొటో తీయండి. ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకుని, చేతులు పక్కలకు కాస్త ఎడంగా ఉంచి నిటారుగా నిలబడండి. ఫోన్ చేత్తో పట్టుకుని అద్దంలో తీయొద్దు. ఎవరినైనా తీయమనండి, లేదా ఎక్కడైనా ఆనించి టైమర్ పెట్టండి. ఫోన్ మీ నడుము ఎత్తులో, కనీసం ఏడెనిమిది అడుగుల దూరంలో ఉండాలి. ఇది అనవసరపు పట్టింపు అనుకోకండి. ఫోన్ ముఖం ఎత్తులో, దగ్గరగా ఉంటే దానికి దగ్గరున్న భుజాలు పెద్దవిగా, దూరంగా ఉన్న తుంటి చిన్నదిగా పడతాయి. సెల్ఫీలు చూసుకుని తమ భుజాల గురించి లేని దిగులు పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఆ ఫొటో మీద ఒక్కో భుజం కొస నుంచి నిట్టనిలువుగా కిందికి గీత గీయండి. తుంటి ఆ గీతల దాకా వస్తే మీ పైభాగం, కిందిభాగం సమంగా ఉన్నట్టే. గీతలకు బాగా లోపలే ఆగిపోయి, పక్కన ఖాళీ కనిపిస్తే మీది తలకిందుల త్రిభుజం ఆకారం.

ఇప్పుడు ఆ వెడల్పు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. భుజం కొసన వేలు పెట్టి నొక్కితే వెంటనే ఎముక తగిలితే వెడల్పు ఎముకది. ఈతగాళ్లలా భుజం కింద గుండ్రంగా కండ ఉంటే వెడల్పు చేతి పైభాగంలో ఉన్నట్టు, అంటే మీ సమస్య భుజం కుట్టు కాదు, చేతి లూజు. ఛాతీ నిండుగా ఉండి భుజాలు మామూలుగా ఉంటే లెక్క మళ్లీ వేరు. అప్పుడు ఛాతీ మీద వేలాడే మడతలు, కుచ్చుల మెడలు మానేస్తే సగం పని అయిపోతుంది.

నాలుగో రకం ఒకటుంది: చదరపు భుజాలు. మెడ నుంచి భుజం కొసకు మామూలుగా కాస్త వాలు ఉంటుంది. కొందరికి అది దాదాపు ఉండదు. రెడీమేడ్ బట్టలు వాలు ఉందనుకునే కత్తిరిస్తారు. అందుకని మీ టాప్ భుజం కొసల మీద మాత్రమే ఆని, మెడ వెనక గుడ్డ అడ్డంగా మడత పడి పోగవుతుంటే, మీ భుజాలు చదరం అన్నమాట. ఎంత సైజు మార్చినా ఆ మడత పోదు. కుట్టించుకునేటప్పుడు 'భుజం వాలు తగ్గించండి' అని చెబితేనే పోతుంది.

తర్వాత టేపు. వీపు మీదుగా ఈ భుజం ఎముక నుంచి ఆ భుజం ఎముకకు ఒక కొలత, ఛాతీ చుట్టు, నడుము చుట్టు, తుంటి చుట్టు. తుంటి కొలత నడుము నుంచి సుమారు 7 నుంచి 9 అంగుళాల కింద, బాగా నిండుగా ఉన్నచోట తీయాలి. నడుము ఎముక దగ్గరే కొలిచి అదే తుంటి అనుకుంటే ప్రతి ప్యాంటూ తప్పు సైజే వస్తుంది. ఈ నాలుగు అంకెలూ ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

రెండో పని: భుజానికి కొనండి, మిగతాది సరిచేయించండి

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకునే ఓపిక ఉంటే, ఈ మాటే గుర్తుంచుకోండి. పై బట్ట ఏదైనా మీ భుజానికి సరిపోయే సైజే తీసుకోండి. చీటీ మీద అంకె ఎంత పెద్దదైనా సరే.

కారణం కుట్టుపనిలో ఉంది. నడుము దగ్గర లూజు తీయాలంటే పక్క కుట్టు లోపలికి వేస్తే చాలు, లేదా వీపున రెండు టక్కులు పడితే చాలు. అదే భుజం సరిచేయాలంటే చేయి మొత్తం ఊడదీసి, చంక చుట్టు మళ్లీ కత్తిరించి, చేయి తిరిగి అతకాలి. అది కూడా లూజుగా ఉంటే తగ్గించడానికి. బిగుతుగా ఉంటే పెంచడానికి అక్కడ మార్జిన్ గుడ్డ ఉండదు. అంటే భుజం దగ్గర బిగుతైన టాప్‌కు మందు లేదు. నడుము దగ్గర వదులైన టాప్‌కు ఉంది.

వేసుకుని చూసేటప్పుడు మూడు పనులు చేయండి. మిమ్మల్ని మీరే కౌగిలించుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చుట్టండి, వీపు మీద గుడ్డ బిగుసుకుని అడ్డగీతలు పడకూడదు. రెండు చేతులూ పైకెత్తండి, టాప్ కింది అంచు కాస్త లేవచ్చు గానీ నడుము దాకా పాకకూడదు. తర్వాత చేతులు దించి భుజం కుట్టు ఎక్కడుందో అద్దంలో చూడండి. ఆ కుట్టు మీ భుజం ఎముక కొస మీద గానీ, దానికి పావు అంగుళం లోపలికి గానీ ఉండాలి. కుట్టు రవ్వంత లోపలికి ఉంటే కన్ను అదే భుజం కొస అనుకుంటుంది, భుజం సన్నగా తోస్తుంది. ఇంకా లోపలికి పోతే మాత్రం చేయి గుడ్డ లాగేసి, భుజం బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది.

కుట్టు భుజం దాటి చేతి మీదికి జారే డ్రాప్ షోల్డర్ సంగతి ఏమిటని అడుగుతారు. మెత్తగా జారే గుడ్డ అయితే బాగుంటుంది, ఎందుకంటే భుజం కొస ఎక్కడో కనిపించదు. బిరుసు కాటన్‌లో మాత్రం వద్దు. ఆ కుట్టు గట్టిగా నిలబడి, భుజం అక్కడిదాకా ఉన్నట్టే చెబుతుంది.

ఇంకొక మాట. మీకు పైన ఒక సైజు, కింద ఒకటి రెండు సైజులు చిన్నది కావాల్సి వస్తుంది. అందుకే సెట్టుగా వచ్చే బట్టల జోలికి పోకుండా, పైదీ కిందిదీ విడివిడిగా కొనండి. అంకెలు వేరైతే నామోషీ ఏమీ లేదు.

మూడో పని: మెడ

మెడ విషయంలో నేను పాటించే కొలమానం ఒకటే: వెడల్పు కంటే లోతు ఎక్కువ ఉండాలి. వి మెడ, లోతైన యు మెడ, పై గుండీలు రెండు తీసి వేసుకున్న చొక్కా, నిలువు చీలిక ఉన్న మెడ, ఇవన్నీ కన్నును భుజం కొసల నుంచి మధ్యకు, మధ్య నుంచి కిందికి దింపుతాయి. బోట్ నెక్ దీనికి పూర్తి విరుద్ధం. ఒక భుజం నుంచి రెండో భుజం దాకా అడ్డంగా గీత గీసినట్టు ఉంటుంది. వెడల్పైన చదరపు మెడ, భుజాలు దిగిన ఆఫ్ షోల్డర్ కూడా అదే కోవలోకి వస్తాయి.

మెడ మూసుకుపోయిన బట్టలు ఇష్టమైతే మానేయక్కర్లేదు. మెడ నుంచి భుజం దాకా ఏ అడ్డూ లేని పెద్ద మైదానంలా గుడ్డ పరుచుకోవడమే అక్కడి ఇబ్బంది. దాన్ని నిలువుగా విడగొట్టండి. పైన గుండీలు పెట్టకుండా వదిలేసిన పొడవాటి ఓవర్‌కోటో, షర్టో, ష్రగ్గో వేస్తే ఛాతీ మూడు నిలువు పట్టీలుగా కనిపిస్తుంది: అటు ఇటు పై బట్ట, మధ్యలో లోపలి బట్ట. కంటికి ఆ మధ్య పట్టీయే మీ వెడల్పు. ఆ పట్టీ ఎంత సన్నగా ఉంటే పైభాగం అంత సన్నం. నాకు తెలిసిన ఉపాయాలన్నిటిలో ఇంత తేలికగా ఇంత తేడా చూపించేది మరొకటి లేదు. పొడవైన గొలుసు కూడా కొంతవరకు ఈ పనే చేస్తుంది. మెడకు పట్టేసినట్టుండే వెడల్పైన హారం చేయదు.

నాలుగో పని: చేతులు, పట్టీలు

చేయి ఎక్కడ ఆగితే కన్ను అక్కడ ఆగుతుంది. భుజం మీద టోపీలా ఉండే క్యాప్ స్లీవ్ సరిగ్గా మీ అత్యంత వెడల్పైన చోటే ఆగుతుంది, కాబట్టి అది వద్దు. బుట్ట చేతులు, భుజం మీద ఫ్రిల్లు, భుజం పట్టీలు, మెరుపుల పని, ఇవి ఉన్నదానికి ఇంకొంత కలుపుతాయి.

మోచేతి దాకా తిన్నగా వచ్చేవి, ముప్పావు చేతులు మీకు ఎప్పుడూ నమ్మకమైనవి. పొడుగు చేతుల్లో మణికట్టు దగ్గర గంటలా విప్పారేవి దొరికితే వదలకండి. చేతులు కిందికి వేలాడేసినప్పుడు మణికట్టు ఎక్కడ ఉంటుందో చూసుకోండి: తుంటి పక్కనే. అక్కడ విప్పారిన గుడ్డంతా తుంటి ఖాతాలో పడుతుంది.

రాగ్లాన్ చేయి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇందులో భుజం కొస మీద కుట్టే ఉండదు, చంక నుంచి మెడ దాకా ఏటవాలుగా పోతుంది. వాటర్లూ యుద్ధంలో 1815లో కుడిచేయి పోగొట్టుకున్న బ్రిటిష్ సేనాని లార్డ్ రాగ్లాన్ పేరు మీద దీనికా పేరు వచ్చింది. ఏటవాలు కుట్టు అడ్డగీతను మధ్యలోనే విరగ్గొడుతుంది. పైగా చేయి కదపడానికి బోలెడంత వీలు. చేతికీ ఒంటికీ రెండు రంగులుండే రాగ్లాన్ టీషర్టు అయితే చేయి ముదురు రంగు, ఒళ్లు లేత రంగు ఉన్నది చూసుకోండి. అప్పుడు మధ్యభాగమే ముందుకొస్తుంది, భుజాలు వెనక్కి తగ్గుతాయి.

చేతులు లేని బట్టలు వేసుకోవచ్చా? తప్పకుండా. భుజం మీద పట్టీ రెండు మూడు వేళ్ల వెడల్పుండి, మెడకూ భుజం కొసకూ నడిమధ్యన ఉండాలి. దారంలా సన్నటి పట్టీ పక్కన భుజం మరీ విశాలంగా కనిపిస్తుంది. చంక నుంచి మెడకు లోపలికి కోసేసిన హాల్టర్ భుజాన్ని మొత్తం బయట పెడుతుంది. నాకు నా భుజాలు చూపించాలని ఉన్న రోజున అదే వేసుకుంటాను, ఆ సంగతి కింద చెబుతాను.

ఐదో పని: కిందిభాగానికి నిండుదనం ఇవ్వండి

అసలు ఆట ఇక్కడుంది. పైన ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా కింద కాళ్లకు అతుక్కుపోయే లెగ్గింగో, స్కిన్నీ జీన్సో వేస్తే మీ ఆకారం బొంగరంలా పైన వెడల్పు, కింద మొన అయిపోతుంది. మీరు ఒక్క మార్పే చేయగలిగితే అది ఇక్కడ చేయండి. అదే టాప్ కింద తిన్నగా ఉండే ప్యాంటుగానీ, వెడల్పు కాళ్ల ప్యాంటుగానీ, పలాజోగానీ వేసి మళ్లీ అదే చోట నిలబడి ఫొటో తీసుకోండి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది.

ప్యాంటు ఎంచుకునేటప్పుడు నడుము దగ్గర ప్లీట్లు ఉన్నవి, పక్క జేబులు కాస్త విచ్చుకునేవి, వెనక మూత జేబులున్నవి, తొడ పక్కన పెద్ద జేబులుండే కార్గో రకం చూడండి. తుంటి నిండుగా ఉన్నవాళ్లకు వద్దని చెప్పేవన్నీ మీకు వరాలు. కార్డురాయ్, మందపాటి డెనిమ్, లినెన్ లాంటి తమంతట తాము నిలబడే గుడ్డలు కిందికి వాడండి. వెనక జేబులు చిన్నవిగా, దగ్గరదగ్గరగా ఉంటే పిరుదులు నిండుగా కనిపిస్తాయి. దూరందూరంగా ఉన్న పెద్ద జేబులు అక్కడ చదును చేస్తాయి.

స్కర్టుల్లో నడుము నుంచి కిందికి విచ్చుకునే ఏ-లైన్, కుచ్చులు పెట్టినవి, గుండ్రటి ఘేరు ఉన్నవి, అంతస్తులు అంతస్తులుగా ఫ్రిల్స్ కుట్టినవి అన్నీ పనికొస్తాయి. పెన్సిల్ స్కర్టే కావాలనుకుంటే మీదకి నడుము దగ్గర చిన్న ఫ్రిల్ విప్పారే పెప్లమ్ టాప్ వేయండి. పెప్లమ్ అంచు తుంటి బాగా నిండుగా ఉన్నచోటే ముగియాలి. దానికి పైనే ఆగితే నడుమే లావుగా కనిపిస్తుంది.

టాప్ పొడవు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. టాప్ అంచు అడ్డంగా ఒక గీత గీస్తుంది, కన్ను ఆ గీత దగ్గర వెడల్పు చదువుతుంది. నడుము దగ్గరే ఆగే కురచ టాప్ బాగుండాలంటే కింద కచ్చితంగా నిండైన స్కర్టో, వెడల్పు ప్యాంటో ఉండాలి. తుంటి మీద ఆగే టాప్ ఆ గీతను మీకు కావలసిన చోటే గీస్తుంది. ఆ అంచున బోర్డరో, ఎంబ్రాయిడరీయో ఉంటే మరీ మంచిది. కుర్తా అయితే పక్క కట్ ఎక్కడ మొదలవుతుందో చూడండి. తుంటి నిండుగా ఉన్నచోటికి కాస్త పైన మొదలైతే కింది గుడ్డ రెండు రెక్కలుగా విచ్చుకుంటుంది. ఆ కట్ మరీ కింద ఉంటే కుర్తా గొట్టంలా ఉంటుంది. కట్ లేకుండా నడుము నుంచి ఘేరు పోసే అనార్కలి రకం మీ ఆకారానికి కుట్టినట్టే ఉంటుంది, మెడ మాత్రం బోట్ నెక్ కాకుండా చూసుకోండి.

బెల్టు ఎక్కడ పెట్టుకోవాలన్నది మీ నడుము మీద ఆధారపడుతుంది. ఈ ఆకారంలో చాలామందికి నడుముకూ తుంటికీ పెద్ద తేడా ఉండదు. అలాంటప్పుడు నడుము మీద బిగించి కట్టినా లాభం తక్కువ. కొంచెం వెడల్పైన బెల్టు వదులుగా, తుంటి మీదికి జారేలా పెట్టుకోండి. పక్కకు వేలాడే సంచీ కూడా అంతే, దాని పట్టీ పొడవు సరిచేసి తుంటి పక్కన ఆగేలా చూడండి. చంకలో ఇరుక్కునే పొట్టి సంచీ పైభాగాన్ని లావు చేస్తుంది.

రంగు, గుడ్డ, చారలు

పైన ముదురు, మెరవని, జారే గుడ్డ. కింద లేత, కాస్త మెరుపున్న, నిలబడే గుడ్డ. క్లుప్తంగా ఇంతే. పైన రేయాన్, క్రేప్, జార్జెట్, మెత్తటి జెర్సీ లాంటివి ఒంటి మీదుగా జారిపోతాయి. ఆర్గంజా, టాఫెటా, గంజి పెట్టిన కాటన్ పైన గుడారంలా నిలబడతాయి, వాటిని కిందికి వాడుకోండి. పెద్ద పువ్వుల డిజైన్లు, గళ్లు కూడా కిందికే. పైన వేయాలనుకుంటే చిన్న డిజైన్ తీసుకోండి. తెల్ల చొక్కా మీద మనసుంటే తెల్లచొక్కాయే వేసుకోండి, కింద వెడల్పు ప్యాంటు ఉన్నంతకాలం రంగు ఒక్కటే ఏమీ చెడగొట్టదు.

చారల గురించి మాత్రం పాతుకుపోయిన ఒక నమ్మకం ఉంది: అడ్డచారలు లావు చూపిస్తాయి, నిలువు చారలు సన్నగా చూపిస్తాయి అని. 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్‌జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి విరుద్ధమైన సంగతి చూపించాడు. అడ్డగీతలతో నింపిన చదరం మనకు వెడల్పుగా కాదు, పొడవుగా కనిపిస్తుంది. 2011లో ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బట్టలేసుకున్న మనుషుల బొమ్మలతో చూసినా అడ్డచారలు లావు చూపించలేదు. కాబట్టి సన్నటి అడ్డచారల టాప్‌ను ఆ భయంతో పక్కన పెట్టకండి. చూసుకోవలసినది భుజాల మీదుగా పోయే ఒకే ఒక్క వెడల్పాటి పట్టీని. ఛాతీకి పైన ఒక రంగు, కింద మరో రంగు ఉండి, ఆ రెండూ కలిసే గీత సరిగ్గా భుజాల మధ్య అడ్డంగా పోతే, అది బోట్ నెక్ చేసే పనే చేస్తుంది.

కోట్లు, గౌన్లు, చీరలు

బ్లేజర్ కొనేటప్పుడు ముందుగా భుజం లోపల చేయి పెట్టి ప్యాడ్ ఎంత మందం ఉందో తడిమి చూడండి. పలుచగా ఉంటే సరే. మందంగా ఉంటే టైలర్ లైనింగ్ విప్పి తీసేయగలడు. కానీ ప్యాడ్ ఎత్తు లెక్కలోకి తీసుకునే ఆ భుజం కత్తిరించి ఉంటారు, తీశాక గుడ్డ కాస్త కుంగుతుంది. అందుకని మొత్తం తీసేయకుండా పలుచటిది పెట్టమని చెప్పండి. ఒక వరస గుండీలు, పొడుగ్గా కిందికి దిగే కాలరు, కిందగా ఉన్న ఒకే గుండీ ఉన్నది ఎంచుకోండి. కాలరు మొనలు భుజాల వైపు పైకి చూస్తుంటే కన్నూ అటే పోతుంది. రెండు వరసల గుండీల కోటు ఛాతీ మీద అడ్డంగా ఇంకో పొర కలుపుతుంది. కోటు పొడవు తుంటి దాటాలి, కింది జేబులకు మూతలుంటే మంచిది.

గౌన్లలో ఒక పక్క మీద మరో పక్క కప్పి నడుము దగ్గర ముడేసుకునే రాప్ డ్రెస్ మన ఆకారానికి బాగా నప్పుతుంది. 1974లో డిజైనర్ డయాన్ వాన్ ఫర్స్టెన్‌బర్గ్ దీన్ని మెత్తటి జెర్సీ గుడ్డలో చేసి ప్రసిద్ధికి తెచ్చింది. మెడ తనంతట తానే వి ఆకారంలో పడుతుంది, ఛాతీ మీద గీతలు ఏటవాలుగా పోతాయి, కింద ఏ-లైన్‌గా విచ్చుకుంటుంది. ముఖ్యంగా, ముడి మీ చేతిలో ఉంది కాబట్టి పై సైజూ కింది సైజూ వేరైనా సర్దుకుపోతుంది.

చీరకు భుజాన్ని సర్దే శక్తి చాలా ఉంది. పైటను సన్నటి మడతలు పెట్టి భుజం కొసన పిన్ను కొడితే అక్కడ దిమ్మలా లేస్తుంది. మడతలు కావాలంటే పిన్ను మెడ వైపు రెండు వేళ్లు జరిపి పెట్టండి. లేదా పైటను ఒంటి పొరగా వదిలేస్తే భుజం, చేయి కలిసి మెత్తగా కనిపిస్తాయి. కుచ్చిళ్లకు కాస్త నిలబడే గుడ్డ అయితే తుంటికి నిండుదనం వస్తుంది. జాకెట్టుకు మోచేతి చేతులు, లోతైన మెడ కుట్టించుకోండి. వీపు వైపు కూడా వెడల్పు కంటే లోతు ఎక్కువ ఉండాలన్న లెక్కే వర్తిస్తుంది.

మగవాళ్లకు ఈ ఆకారం మెప్పు తెస్తుందేమో గానీ బట్టల తిప్పలు తప్పవు. రెడీమేడ్ సూట్లను చాలావరకు ఛాతీకీ నడుముకూ 6 అంగుళాల తేడా పెట్టి కుడతారు. మీ తేడా అంతకంటే బాగా ఎక్కువైతే కోటు, ప్యాంటు విడివిడిగా కొనండి. చొక్కా భుజానికి కొని వీపున రెండు టక్కులు వేయించండి. ప్యాంటు బాగా బిగుతుగా కాకుండా తిన్నగా ఉండేది తీసుకోండి.

టైలర్‌కు ఏం చెప్పాలి

'ఫిట్టింగ్ బాగుండాలి' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మీకు అన్నిటికన్నా బాగా కుదిరిన పాత టాప్ ఒకటి వెంట తీసుకెళ్లండి, తర్వాత ఇలా చెప్పండి: 'భుజం కుట్టు ఎముక మీదికి రావాలి, బయటికి జారకూడదు. వీపు మీద లూజు తగ్గించొద్దు, చేతులు ముందుకు చాపితే పట్టకూడదు. నడుము దగ్గర టక్కులతో తీయండి. తుంటి దగ్గర బిగించొద్దు, అక్కడి నుంచి ఫ్లేర్ వదలండి.' చివరి మాట మరీ ముఖ్యం. తుంటి సన్నగా ఉందని చూసి టైలర్ పక్క కుట్టును చంక నుంచి కింది దాకా తిన్నగా లోపలికి లాగేస్తాడు. మీకు కావలసింది నడుము దగ్గర లోపలికి వెళ్లి మళ్లీ బయటికి వచ్చే కుట్టు. చేతులు అతకకముందే ఒకసారి వేసుకుని చూస్తానని అడగండి. ఒప్పుకునే టైలర్ దొరికితే వదులుకోకండి.

భుజాలు చూపించాలని ఉన్న రోజు

పైన చెప్పినదంతా పైభాగం, కిందిభాగం సమంగా కనిపించాలని కోరుకున్నప్పుడు. ప్రతిరోజూ అలాగే కోరుకోనక్కర్లేదు. 1930లలో హాలీవుడ్ నటి జోన్ క్రాఫర్డ్‌కు భుజాలు విశాలంగా ఉండేవి. ఆమెకు బట్టలు రూపొందించిన ఏడ్రియన్ వాటిని దాచే ప్రయత్నం చేయలేదు. ప్యాడ్లు పెట్టి ఇంకా పెంచాడు. ఆ భుజాలే ఆమె గుర్తు అయ్యాయి, ఎందరో ఆడవాళ్లు ప్యాడ్లు పెట్టుకుని మరీ ఆ రూపం కోసం ప్రయత్నించారు. మీకు ప్యాడ్ల అవసరం లేదు.

అలాంటి రోజున హాల్టర్‌గానీ, ఒంటి భుజం టాప్‌గానీ వేసుకోండి. ఒంటి భుజం టాప్‌లో అంచు ఏటవాలుగా పోతుంది కాబట్టి అది సమంగా చూపించే రోజుకూ పనికొస్తుంది. ఒకే రంగు, ఏ అలంకారమూ లేని గుడ్డ, కింద నేలదాకా జారే వెడల్పు ప్యాంటు. జుట్టు పైకి కట్టేయండి, మెడ బోసిగా వదిలేసి చెవులకు మాత్రం పెట్టుకోండి. భుజాలు వెనక్కి, కిందికి దించి నిలబడండి. ముందుకు ముడిస్తే హాల్టర్ ముందు భాగం వదులై ముడతలు పడుతుంది.

ఇక ఈ వారం చేయవలసిన పని. బీరువాలోంచి పై బట్టలన్నీ తీసి ఒక్కొక్కటీ వేసుకుని కౌగిలింత పరీక్ష చేయండి. భుజం దగ్గర పట్టేసేవి పక్కన పెట్టేయండి, వాటిని బాగుచేయడం కుదరదు. భుజం బాగుండి నడుము వదులైనవి ఒక సంచిలో వేసి టైలర్‌కు ఇవ్వండి. మిగిలినవాటికి కింద ఏది జోడీ కడితే బాగుంటుందో ఒక్కోటీ వేసి, నడుము ఎత్తులో ఫోన్ పెట్టి ఫొటో తీసి దాచుకోండి. తర్వాత కొనవలసింది టాప్ కాదు, ఒక మంచి వెడల్పు కాళ్ల ప్యాంటు అని మీ ఫొటోలే చూపిస్తాయి.